మెట్ల మాస్టారి శిష్యురాలు

ఆ ఏడాది వానలు మొదలైన కొద్ది రోజులకే మా ఇంట్లోకి ఇంకో మగవాడి ఊసు వచ్చి తిష్ఠ వేసింది. ఆయన అసలు పేరు నాకు చాలా రోజులదాకా తెలియదు. మా ఆవిడ నోటి వెంట వచ్చేది బిరుదు మాత్రమే. మెట్ల మాస్టారు.

మా ఆవిడ పిల్లల డాక్టరు. ఇంటి ముందు గదే ఆవిడ క్లినిక్. నేను బీమా కంపెనీలో క్లెయిముల సెక్షన్ చూసేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, క్లినిక్ వరండాలో చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. టోకెన్లివ్వడం, పిల్లల బరువు చూడడం, గుక్కపెట్టి ఏడ్చేవాళ్ళకి రబ్బరు గ్లవ్సులో గాలి ఊది, దానికి పెన్నుతో కళ్ళూ ముక్కూ గీసి చేతికివ్వడం నా పని. వీధిలో పిల్లలంతా నన్ను బుడగ మామయ్య అనేవారు. లోపల డాక్టరమ్మ, బయట బుడగ మామయ్య. మా సంసారమంతా ఆ రెండు గదుల మధ్య తలుపు చుట్టూనే తిరుగుతూ ఉండేది. నాకు అంతకంటే కావలసింది ఏముంది?

ఒక సాయంత్రం చివరి పిల్లవాడు వెళ్ళిపోయాక, చేతులు కడుక్కుంటూ అంది.

"ఏమండీ, మా కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారు."

"ఎందుకు? పాత బ్యాచ్ వాళ్ళంతా కలుస్తున్నారా?"

"కాదు. పిల్లల విభాగంలో పాఠాలు చెప్పేవాళ్ళు లేరట. చదువు అవగానే అందరూ మాలాగే ప్రాక్టీసు పెట్టేసుకుంటున్నారు. పిల్లలకి వైద్యం చేసేవాళ్ళు వీధికొకరున్నారు, ఆ వైద్యం నేర్పేవాళ్ళే కరువయ్యారంటున్నారు. మాలాంటివాళ్ళని కొంతమందిని పిలిచి, పాఠం చెప్పడం ఎలాగో నేర్పిస్తారట. ఈ వానాకాలమంతా. పొద్దున పూటే."

"పాఠం చెప్పడం నీకొకళ్ళు నేర్పాలా? ఇన్నేళ్ళుగా నాకు చెబుతూనే ఉన్నావుగా!"

నవ్వింది. తువ్వాలు భుజాన వేసుకుని, "వెళ్ళమంటారా?" అంది.

"వెళ్ళు. కాస్త కాలక్షేపంగా ఉంటుంది," అన్నాను.

కాలక్షేపం అనుకున్నది నేనొక్కణ్ణే అని తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర అంతకుముందు మేం ముగ్గురం, అంటే ఆవిడా నేనూ మా అమ్మాయీ, ఆ రోజు వచ్చిన పిల్లల గురించే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఏ పిల్లవాడు స్టెతస్కోపు కొరికాడు, ఏ తల్లి తన బిడ్డకంటే గట్టిగా ఏడ్చింది, ఇలాంటివి. ఇప్పుడు కంచం ముందు కూర్చోగానే మాస్టారు.

ఆయన ఆ విభాగానికి పెద్ద. ఆస్పత్రి చాలా అంతస్తుల భవనం. ఆయన లిఫ్టు ఎక్కరట. వెనకాల విద్యార్థులంతా ఆయాసపడుతూ ఎక్కాల్సిందేనట. సగం పాఠం మెట్ల మీదే అయిపోతుందట. అందుకే ఆ విద్యార్థులే ఆ పేరు పెట్టారట.

"పని చేసేచోట ఒళ్ళు కదలకపోతే ఇంటికెళ్ళాక అసలే కదలదంటారు మాస్టారు. నర్సులు, గుమాస్తాలు, అందరూ ఆయన్ని చూసి మెట్లే ఎక్కుతున్నారు. ఒక్క మాట కూడా అనరండీ ఎవర్నీ."

మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. మహా గడుగ్గాయి. వాళ్ళమ్మ నోట్లోంచి 'మాస్టారు' అన్న మాట వచ్చినప్పుడల్లా చెంచాతో కంచం అంచు మీద టంగుమని కొట్టడం మొదలుపెట్టింది. మొదట్లో ముగ్గురం నవ్వాం. తర్వాత వాళ్ళిద్దరే నవ్వారు.

"ఎన్నేళ్ళుంటాయి ఆయనకి?" అని అడిగాను ఒకరోజు, నీళ్ళ గ్లాసులోకి చూస్తూ.

"మీకంటే చాలా పెద్ద."

"చూడ్డానికి?"

ఉన్నమాట చెప్పింది. "చూడ్డానికి మీకంటే చిన్న."

టంగుమంది కంచం.

ఆ రాత్రి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి చూసుకున్నాను. ఊపిరి బిగబట్టినంతసేపే పొట్ట మాట వినేది. వదిలేయగానే మళ్ళీ తన చోటికి తాను వచ్చి కూర్చునేది. మెట్లెక్కే ఆ మనిషి మీద నాకు పీకలదాకా కుళ్ళు మొదలైంది. ఆయన మొహం కూడా ఎరగను. అయినా ఆయన నా ఇంట్లో, నా కంచం పక్కన, నాకంటే బాగా భోంచేస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో మా మేనేజరమ్మ నన్ను గదిలోకి పిలిచింది.

"మన దగ్గర ఆరోగ్య బీమా కొన్నవాళ్ళు బాగానే ఉన్నారండీ. అమ్మేవాళ్ళే మంచాన పడుతున్నారు," అంది. "ఒకరికి నడుము, ఒకరికి మెడ, ఇంకొకరికి షుగరు. రేపట్నుంచి ఆఫీసులో రోజూ కాసేపు వ్యాయామం ఉండాలి. మీరు దగ్గరుండి చేయించండి."

"నేనా? నన్ను చూసి ఎవరు చేస్తారండీ?"

"మీ ఇంట్లో డాక్టరుగారున్నారు కదా, మీకు తెలుస్తుంది."

ఆ మాట గుచ్చుకుంది. నాకొక పని అప్పగించడానికి కూడా మా ఆవిడే అర్హత అన్నమాట. అయినా కాదనలేదు. మెట్ల మాస్టారు ఆస్పత్రిని కదిలిస్తే నేను ఆఫీసుని కదిలించలేనా అనుకున్నాను. ఆటవస్తువుల దుకాణానికి వెళ్ళి ఈల ఒకటి కొనుక్కొచ్చాను.

మర్నాడు టీ వేళకి హాలు మధ్యలో నిలబడి ఈల ఊదాను. అందరూ ఉలిక్కిపడి తలలెత్తారు.

"లేవండి! చేతులు పైకి!"

నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే పెద్దమనిషిని అందరం కుర్చీగారు అనేవాళ్ళం. పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. భోజనం, టీ, కునుకు, అన్నీ ఆ కుర్చీలోనే. ఆయన నెమ్మదిగా రెండు చేతులూ పైకెత్తాడు. తర్వాత ఒక చేయి దించి, జేబులోంచి పర్సు తీసి, బల్ల మీద పెట్టి, మళ్ళీ చేయెత్తాడు.

"పిల్లలున్నవాణ్ణి బాబూ, ప్రాణాలు మాత్రం వదిలెయ్," అన్నాడు.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో ఆ రోజు వ్యాయామం సరి. మూడో రోజుకి ఈల వినపడగానే సగం మంది క్యాంటీన్లో తేలేవారు. వారం తిరిగేసరికి నేనూ, మేనేజరమ్మ గదిలోని పూలకుండీ మాత్రమే నిటారుగా నిలబడి ఉన్నాం.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. కానీ మా అమ్మాయి నా సంచిలో ఈల పట్టుకుంది. విషయమంతా కూపీ లాగి వాళ్ళమ్మకి చేరవేసింది. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మీరు చెప్పేస్తున్నారండీ. చెబితే ఎవరూ లేవరు. ఎందుకు లేవలేకపోతున్నారో ఒకసారి అడిగి చూడండి. మాస్టారు ఏమంటారంటే..."

"నాకు ఆయన పాఠాలు వద్దు," అన్నాను.

మా అమ్మాయి చెంచా ఎత్తబోయి ఆపేసింది.

"ఆయన పాఠం కాదు, నేను చెబుతున్నాను."

"ఈ మధ్య నీ నోటి నుంచి నీ మాట ఎప్పుడొచ్చింది గనక? అన్నీ అరువు మాటలే. నేను నీ దగ్గర చేరిన కొత్త స్టూడెంటుని కాదు."

కంచంలో చేయి కడిగేసుకుని లేచాను. వెనక నుంచి ఆవిడ ఏమీ అనలేదు. ఇదివరకైతే నేనొక మాటంటే నాలుగు అనేది. ఆ మౌనం కూడా అక్కడే నేర్చుకొచ్చిందనిపించి ఇంకా ఒళ్ళు మండింది.

మేనేజరమ్మ ఊరుకోలేదు. "మీ ఆవిడగారిని ఒకసారి తీసుకురండి, రెండు మాటలు చెబుతారు," అని అడిగింది. అలాగేనంటూ నాన్చాను. చివరికి మేనేజరమ్మే మా క్లినిక్‌కి ఫోన్ చేసింది.

అలా ఒక మధ్యాహ్నం మా ఆవిడ ఆఫీసుకొచ్చింది. మైకు తెచ్చి పెట్టారు. ముట్టుకోలేదు. ఒక కుర్చీ లాక్కుని తిన్నగా కుర్చీగారి పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, లేచేటప్పుడు ఎక్కడ నొప్పి?" అంది మెల్లగా.

ఆయన ఏదో జోకు వేయబోయాడు. ఆవిడ ఆయన మొహంలోకే చూస్తూ ఊరుకుంది. జోకు ఆయన నోట్లోనే ఆగిపోయింది.

"మోకాలమ్మా," అన్నాడు చివరికి. "లేస్తే కలుక్కుమంటుంది. ఒకసారి ఇక్కడే తూలి పడబోయాను. అప్పుడెవరూ చూడలేదు. మళ్ళీ అలా అయితే అందరి ముందూ అల్లరవుతుంది కదా, అందుకని లేవను."

నేను ఎన్నో ఏళ్ళుగా ఆ మనిషి ఎదురుగా కూర్చుంటున్నాను. ఆయన కుర్చీ గురించి ఆఫీసులో పుట్టిన జోకుల్లో సగం నావే.

"ముందు డాక్టరుకి చూపించండి. నేను పిల్లల డాక్టర్ని, పెద్దవాళ్ళ మోకాళ్ళ గురించి నా మాటే నమ్మకండి," అని నవ్వి, "బల్ల పట్టుకుని మెల్లగా లేవగలరేమో చూద్దాం. నేనూ లేస్తాను, మీతోపాటు," అంది.

ఇద్దరూ లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ లేచారు. రెండోసారికి పక్క బల్ల ఆవిడ కూడా లేచింది. ఆ పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు లేచారు. ఎవరూ ఈల ఊదలేదు. కాసేపటికి హాలంతా బల్లలు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉంది, వెర్రివాళ్ళలా నవ్వుకుంటూ. నేనొక్కణ్ణి గోడకి ఆనుకుని నిలబడ్డాను, చేతిలో ఎవరూ మాట్లాడని మైకు పట్టుకుని.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి నా భుజం తట్టారు. "అదృష్టవంతుడివయ్యా! ఎంత బాగా చెప్పిందో!" ఒక్కొక్క తట్టుకీ నేను కాస్త కాస్త భూమిలోకి దిగిపోయాను.

ఇంటికి స్కూటరు మీద వస్తుంటే సన్నగా తుంపర. వెనక నుంచి నా భుజం పట్టుకుని అడిగింది.

"కోపమా?"

"లేదు."

"మరేమిటి?"

"బండి నడుపుతున్నాను."

మళ్ళీ అడగలేదు. చేయి మాత్రం భుజం మీద నుంచి తీయలేదు. అది ఉన్నందుకు హాయిగానూ ఉంది, ఆ హాయి కలుగుతున్నందుకు ఉక్రోషంగానూ ఉంది.

ఇంకో పది రోజులకి ఒక ఉదయం కుండపోత పోసింది. రోడ్ల మీద నీళ్ళు నిలిచి బస్సులు ఆగిపోయాయని విన్నాను. ఆఫీసులో చెప్పి, మా ఆవిడని తీసుకురావడానికని ఆస్పత్రికి బయలుదేరాను. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. ఆ మనిషిని ఒక్కసారి కళ్ళారా చూడాలి.

కింద లిఫ్టు ఖాళీగా తలుపు తెరుచుకుని ఉంది. నేను దాని వంక చూడను కూడా లేదు. ఆయన ఎక్కగా లేనిది నేనెక్కలేనా అనుకుంటూ మెట్లందుకున్నాను. మొదటి రెండంతస్తులూ రోషంతో ఎక్కాను. మూడోది గోడ పట్టుకుని ఎక్కాను. ఆ పైన మలుపులో కాళ్ళు నా మాట వినడం మానేశాయి. తడిసిన గొడుగు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను.

పైనుంచి ఎవరో దిగి వస్తున్న చప్పుడు. తెల్లజుట్టే గానీ నాకంటే చురుకైన, సన్నటి మనిషి, ఉతికి ఉతికి వెలిసిన చొక్కా. నన్ను చూసి ఆగి, ఏమీ అనకుండా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నా ఆయాసం తగ్గేదాకా కిటికీలోంచి వాన చూస్తూ ఉన్నాడు.

"ఎవరి కోసం వచ్చారు?" అన్నాడు తర్వాత.

"మా ఆవిడ కోసం."

"బిడ్డ ఏ వార్డులో ఉంది?"

"మా బిడ్డ స్కూల్లో ఉందండీ. మా ఆవిడే మీ బిడ్డల మధ్య ఉంది."

ఆయన నా మొహంలోకి చూసి, పెద్దగా నవ్వాడు. "ఓహో, మీరా! మీ గురించి వింటూ ఉంటాను."

ఏం విన్నాడో అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "మీరు లిఫ్టెందుకు ఎక్కరండీ?" అన్నాను.

"మొదట్లో ఒంటి కోసమే. తర్వాత ఇంకోటి కనిపెట్టాను. లిఫ్టులో ఎవరూ నోరు విప్పరు, అందరూ తలుపు వంక చూస్తారు. మెట్ల మీద ఆయాసం వస్తుంది, ఆగుతారు. ఆగినప్పుడు మనసులో ఉన్న అనుమానం బయటికి తీస్తారు. వార్డులో అందరి ముందూ అడగలేని పిల్లలు మెట్ల మీద అడుగుతారు." కిటికీ బయటి వాన వైపు చూపించి అన్నాడు. "ఈ వానాకాలంతో నా ఉద్యోగం అయిపోతుందండీ. నేను దిగిపోతున్నాను. ఆవిడ ఎక్కితే బాగుంటుందని నా ఆశ. ఇంట్లో చెప్పే ఉంటుంది."

చెప్పలేదు. నేను తడి గొడుగు విప్పి మళ్ళీ ముడిచాను.

ఆయన నా మొహం చూసి గ్రహించినట్టున్నాడు. లేచి, "పై అంతస్తులో ఎడమ వైపు. వెళ్ళి చూడండి. పాఠం మధ్యలో ఉంది, పిలవకండి," అని దిగిపోయాడు. ఎంత వెతికినా ఆ మనిషిలో అసహ్యించుకోవడానికి నాకేమీ దొరకలేదు. ఇన్నాళ్ళూ పెంచుకున్న కుళ్ళు చేతిలో మిగిలిపోయింది, ఎక్కడ దించాలో తెలియకుండా.

వార్డు తలుపు ఓరగా తెరిచి ఉంది. ఒక మంచం మీద నెలల పిల్లవాడు, పక్కన వాళ్ళమ్మ. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం అప్పటికే పెట్టి ఉంది. చుట్టూ తెల్లకోట్లలో పిల్లలు, మా అమ్మాయికి అక్కయ్యలూ అన్నయ్యలూ అనిపించే వయసు వాళ్ళు. మా ఆవిడ మంచానికి తల వైపు కాకుండా కాళ్ళ వైపు నిలబడింది, కనపడీ కనపడనట్టుగా.

"ఏడవడం లేదు కదా, మరి ఇతనికి గొట్టం ఎందుకు పెట్టాం?" అంది ఒక అమ్మాయితో. "స్టెతస్కోపు జేబులో ఉండనీ. చేతులు కట్టుకుని చూడు."

ఆ అమ్మాయి చూసింది. ఆమె చెవులు ఎర్రబడడం నాకు తలుపు దగ్గర్నుంచే కనపడుతోంది. "జ్వరం మేడమ్," అంది. పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు.

మా ఆవిడ నవ్విన వైపు చూడలేదు. ఆ అమ్మాయికి అందించలేదు. కళ్ళతో కూడా చెప్పలేదు. ఊరికే నిలబడింది. ఎంతసేపని! నేనెక్కడైనా మాట కోసం తడుముకుంటే అది పూర్తయ్యేలోపు తనే అందించే మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ నా వాక్యాల్లో సగం ఆవిడే ముగించింది. ఆ పిల్ల కోసం మాత్రం ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు ఆగింది.

"డొక్కలెగరేస్తున్నాడు మేడమ్," అంది ఆ అమ్మాయి హఠాత్తుగా. "ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి పోతోంది. ఏడవకపోవడం బాగుండి కాదు. ఏడవడానికి ఓపిక లేక."

అప్పుడు చూశాను మా ఆవిడ మొహం. మా అమ్మాయి మొదటిసారి గోడ వదిలి నడిచినప్పుడు ఆ వెలుగు చూశాను. మళ్ళీ ఇదే.

"నిన్నటికి ఇవాళ నయం," అంది పిల్లవాడి తల్లి వైపు తిరిగి. "రేపు గట్టిగా ఏడుస్తాడు చూడండి. అప్పుడు మనందరం సంతోషిద్దాం."

నేను వెనక్కి తిరిగి కిందికి దిగి, గేటు దగ్గర గొడుగుతో నిలబడ్డాను. ఆవిడ వచ్చి, "అరె, మీరెప్పుడొచ్చారు?" అంటే, "ఇప్పుడే," అన్నాను.

మర్నాడు ఆఫీసులో ఈల సొరుగులో పడేశాను. టీ వేళకి నా కుర్చీలోంచి లేచి, కుర్చీగారి దగ్గరికెళ్ళి, "మోకాలు ఎలా ఉంది?" అని అడిగాను. డాక్టరుకి చూపించాడట. కిందికి దిగి ఒక చుట్టు నడిచొద్దామా అంటే, నా వంక అనుమానంగా చూసి, తర్వాత బల్ల పట్టుకుని లేచాడు. వెనకాల ఇద్దరొచ్చారు. మిగతావాళ్ళు రాలేదు. నేనెవర్నీ పిలవలేదు. నడుస్తూ నడుస్తూ కుర్చీగారు తన కోడలి గురించి, తను మానేసిన సిగరెట్ల గురించి, ఏవేవో చెప్పుకుంటూ వచ్చాడు.

నేను ఎదురుచూసిన మాట వానలు కాస్త వెనకపట్టాక వచ్చింది. క్లినిక్‌లో ఆఖరి పేషెంటు వెళ్ళిపోయింది. నేను బల్ల లోపల పెడుతున్నాను.

"ఉద్యోగం ఇస్తామంటున్నారండీ," అంది. "పూర్తి ఉద్యోగం. పాఠాలు, వార్డు. ఒప్పుకుంటే క్లినిక్ మూసేయాలి."

"ఊఁ."

"మీరేమంటారు?"

"నాదేముంది? నీ ఇష్టం," అన్నాను.

ఇదివరకైతే ఆ మాట పట్టుకుని తనే నాలుగు రకాల అర్థాలు తీసి, వాటన్నిటికీ తనే జవాబులు చెప్పేసుకునేది. ఈసారి స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నా వంక చూస్తూ ఆగింది. వార్డులో ఆ అమ్మాయి కోసం ఆగినట్టే.

వరండా చూరు నుంచి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. నేను బల్ల తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. తప్పించుకోవడానికి తుడవాల్సింది ఇంకేమీ లేకపోయింది.

"నాకు కుళ్ళుగా ఉంది," అన్నాను.

"మాస్టారి మీదా?"

"మొదట ఆయన మీదే అనుకున్నాను. ఆయన్ని చూశాను. కాదు. ఆ పిల్లల మీద. వాళ్ళు నోరు తెరిచేదాకా ఆగుతావు. నా కోసం ఎప్పుడూ ఆగలేదు."

అనేశాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"చూశారన్నమాట," అంది. "నాకు మీ మీద లేదనుకున్నారా?"

"నా మీదా? దేనికి?"

"ఇన్నేళ్ళూ ఆ తలుపు అవతల మీ దగ్గర కిలకిలా నవ్వుతూ ఉండేవాళ్ళు పిల్లలు. తలుపు దాటి నా గదిలోకి రాగానే ఏడుపు లంకించుకునేవాళ్ళు. వీధిలో మీరు కనపడితే పరుగెత్తుకొచ్చేవాళ్ళు, నేను కనపడితే వాళ్ళమ్మ కొంగు వెనక్కి పోయేవాళ్ళు. వైద్యం చేసేది నేను, మామయ్య మీరు. కడుపు మండిపోయేదండీ ఒక్కోరోజు. అక్కడ మొదటిసారి నన్ను చూసి దగ్గరికొచ్చే పిల్లలు దొరికారు. కాస్త పెద్ద పిల్లలు, అంతే."

నేను ఆవిడ ఎదురుగా బల్ల అంచున కూర్చున్నాను. ఆవిడ నాకు మాట అందించలేదు. ఇద్దరం అలా కూర్చున్నాం, ఒకరి మీద ఒకరికి ఉన్న అసూయ మధ్యలో పెట్టుకుని. చిత్రంగా, చాలాకాలం తర్వాత మాకు పొత్తు కుదిరినట్టు అనిపించింది.

"క్లినిక్ మూసేస్తే నేను సాయంత్రాలు ఏం చేయను?" అన్నాను చివరికి.

"నిజంగానే తెలియదండీ నాకు," అంది. "అందుకే అడగడానికి భయపడ్డాను."

"ఒప్పుకో," అన్నాను.

నా గొంతులో సంతోషం లేదు. ఉందని ఆవిడా నటించలేదు. ఆ చివరి వారం తల్లులు వచ్చి గొడవపడ్డారు. ఒక పిల్లవాడు ఆవిడని వదిలి నా కాలు పట్టుకుని ఏడిస్తే, ఆవిడ నా వంక 'చూశారా' అన్నట్టు చూసింది. బోర్డు నేనే విప్పాను.

వానలు పూర్తిగా వెనక్కి తగ్గిన రోజుల్లో ఉద్యోగంలో చేరింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి నడిచే ఇంటికొచ్చాను. ముందు గదికి తాళం. కూరా పప్పూ నేనే వండి, సన్నటి సెగ మీద ఉంచాను. మా అమ్మాయి పాఠాలు చదువుకుంటోంది. ఇంటి ముందు చెప్పుల గుట్ట లేక వాకిలి బోసిగా ఉంది.

చీకటిపడే వేళకి ఆవిడొచ్చింది. "కాళ్ళు లేవండీ నాకు, మెట్లకిచ్చేశాను," అంటూ సోఫాలో వాలి, చెప్పులైనా విప్పకుండా నిద్రపోయింది. నేను చెప్పులు తీసి కింద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ఆ రోజు జరిగిందంతా నాకే మొదట చెబుతుందని ఎదురుచూస్తున్నాను. లేచాక, భోజనం దగ్గర, నాకు, మా అమ్మాయికి.

బల్ల మీద ఆవిడ ఫోన్ మోగింది. మళ్ళీ మోగకముందే తీశాను.

"మేడమ్..." అని, నా గొంతు విని తడబడింది అవతలి ఆడపిల్ల. "సారీ సార్. మేడమ్‌గారు ఉన్నారా? చిన్న అనుమానం. పొద్దున అడగడానికి ధైర్యం చాలలేదు. పడుకున్నారా? అయితే వద్దులెండి సార్, రేపడుగుతాను."

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి నా వంక చూసింది.

ఎర్రబడిన చెవులు గుర్తొచ్చాయి. ఈ పిల్ల ఆ పిల్లేనో కాదో నాకు తెలియదు. రేపటికి ఈ ధైర్యం ఉంటుందో లేదో అంతకంటే తెలియదు. ఆ పాత కుళ్ళు అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. ఫోన్ పెట్టేయమనే చెబుతోంది.

"ఉండమ్మా, ఒక్క నిమిషం," అన్నాను.

ఆవిడ భుజం మీద చేయి వేసి కదిపాను. కళ్ళు తెరిచి, ఎక్కడుందో తెలియనట్టు చూసింది.

"నీ పిల్లే," అన్నాను, ఫోన్ చేతిలో పెడుతూ.

నిద్రంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది ఆ మొహంలోంచి. లేచి కూర్చుని, జుట్టు వెనక్కి తోసుకుని, "చెప్పమ్మా," అని, అవతలి మాట కోసం ఆగింది.

నేను వంటింట్లోకి వెళ్ళి, కూర మీద మూతపెట్టి, పొయ్యి ఆపేశాను.